ఆదివారం వంట వారమంతా నిలవాలంటే... పొయ్యి ఆర్పిన మొదటి రెండు గంటలే కీలకం

జంషెడ్‌పూర్‌లో గడియారం షిఫ్టుల ప్రకారం నడుస్తుంది. ఉదయం 6 గంటలకు ఒక డ్యూటీ, మధ్యాహ్నం 2కి ఒకటి, రాత్రి 10కి మరొకటి. ఇక్కడి ఉక్కు కర్మాగారం 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని అమలు చేసింది. అప్పటి నుంచి ఊరి తిండి వేళలు కూడా దానికే అలవాటు పడ్డాయి. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఉక్కు పని కోసం వచ్చి కదమా, బిష్టుపూర్, సోనారీ, టెల్కో ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు ఇళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. నాన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి పిల్లలు బడికి బయలుదేరుతుంటారు. అమ్మకూ ఉద్యోగం ఉంటే, నలుగురు మనుషులకు నాలుగు భోజనం వేళలు!

ఇలాంటి ఇంట్లో ఆదివారం సాక్చి బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చి, వారానికి సరిపడా ఒకేసారి వండి, డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టుకోవాలనే ఆలోచన రావడం సహజం. దానివల్ల బయటి తిండి తగ్గుతుంది, డబ్బు మిగులుతుంది, పప్పూ కూరా వేళకు దొరుకుతాయి. ఆలోచన మంచిదే. అయితే వెంటనే అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు ఉంటుంది?’ అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ‘పొయ్యి మీంచి దించాక ఫ్రిజ్ చలికి చేరడానికి ఎంతసేపు పట్టింది?’ నిల్వ ఉంచిన వంట మంచిచెడ్డలు చాలావరకు ఆ సమయంలోనే తేలిపోతాయి.

మరిగినా చావని బీజాలు

అన్నం వంద డిగ్రీల దగ్గర ఉడికింది కదా, ఇక అందులో సూక్ష్మజీవులు ఎక్కడివి అనుకుంటాం. బియ్యం, పప్పులు, మసాలా దినుసులు పొలం మట్టిని తాకి వచ్చినవే. ఆ మట్టిలో ఉండే బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా, పరిస్థితులు బాగాలేనప్పుడు గట్టి కవచం ఉన్న సిద్ధబీజంగా మారిపోతుంది. ఇలాంటి సిద్ధబీజాల్లో కొన్ని మరుగుతున్న నీటిలోనూ బతికి బయటపడతాయి. పైగా ఆ వేడే వాటిని నిద్ర లేపుతుంది. అన్నం వేడి తగ్గి గోరువెచ్చగా అయ్యేసరికి అవి మొలకెత్తి, విభజన చెందడం మొదలుపెడతాయి.

20 నిమిషాలకొకసారి రెట్టింపయ్యే బ్యాక్టీరియా ఒక్కటి ఉందనుకుందాం. గంటకు 8 అవుతుంది, రెండు గంటలకు 64, నాలుగు గంటలకు 4,096. మొలకెత్తడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి మొదటి గంట, రెండు గంటల్లో ముప్పు తక్కువ. ఆ తర్వాత లెక్క చేయి దాటిపోతుంది.

అసలు చిక్కు సంఖ్యతో కాదు, అవి వదిలే విషంతో. బాసిల్లస్ సిరియస్‌లోని కొన్ని రకాలు ఆహారంలోనే సెరియులైడ్ అనే విషపదార్థాన్ని తయారుచేస్తాయి. 121 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటకు పైగా వేడిచేసినా అది చెక్కుచెదరదు. కాబట్టి ‘తినేముందు బాగా మరిగిస్తే సరిపోతుంది’ అనే నమ్మకం ఇక్కడ పనిచేయదు. మరిగిస్తే బ్యాక్టీరియా చావొచ్చు, విషం మాత్రం అలాగే ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి.

ఈ సంగతి 1970ల తొలి ఏళ్లలో బ్రిటన్‌లో వెలుగులోకి వచ్చింది. అక్కడి చైనీస్ రెస్టారెంట్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవారు వరుసగా వాంతుల బారిన పడ్డారు. వంటవాళ్లు అన్నం పెద్ద మొత్తంలో వండి, రాత్రంతా బయటే ఉంచేవారు. ఫ్రిజ్‌లో పెడితే మెతుకులు అతుక్కుంటాయని వాళ్ల ఇబ్బంది. మర్నాడు దాన్నే నూనెలో వేయించి వడ్డించేవారు. ఆ వేడికీ విషం పోలేదు. చాలామందికి ఈ జబ్బు ఒక రోజులో తగ్గిపోతుంది. అరుదుగా మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. 2008లో బ్రస్సెల్స్‌లో ఒక 20 ఏళ్ల విద్యార్థి, ఐదు రోజుల క్రితం వండి వంటగదిలో బయటే ఉంచిన స్పఘెట్టీని వేడిచేసుకుని తిని, ఆ రాత్రే మరణించాడు. కారణం ఇదే బ్యాక్టీరియా అని పరీక్షల్లో తేలింది.

మాంసం కూరలు, చిక్కటి పులుసుల్లో ఇంకో ప్రమాదకారి ఉంటుంది. దాని పేరు క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్. దీనికి గాలి అక్కర్లేదు కాబట్టి పెద్ద గిన్నె అడుగున హాయిగా పెరుగుతుంది. 43 నుంచి 47 డిగ్రీలు దీనికి బాగా నచ్చిన వేడి. అక్కడ సుమారు పది నిమిషాలకే రెట్టింపు కాగలదు.

న్యూటన్ నియమం, మే నెల వంటగది

‘వేడిగా ఫ్రిజ్‌లో పెట్టకూడదు, పూర్తిగా చల్లారాక పెట్టాలి’ అన్నది మన ఇళ్లలో పెద్దలు చెప్పే మాట. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ‘చల్లారడం’ అంటే ఏ గదిలో?

1701లో ఐజాక్ న్యూటన్ చెప్పిన శీతలీకరణ నియమం ప్రకారం, ఒక వస్తువు ఎంత వేగంగా చల్లారుతుందన్నది దానికీ పరిసరాలకూ మధ్య ఉన్న ఉష్ణోగ్రతల తేడాపై ఆధారపడి ఉంటుంది. తేడా తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతుంది. 20 డిగ్రీల గదిలో ఒక గిన్నె 60 డిగ్రీల నుంచి 40కి రావడానికి ఒక గంట పట్టిందనుకుందాం. అదే గిన్నెకు 38 డిగ్రీల గదిలో అదే పనికి దాదాపు మూడున్నర గంటలు పడుతుంది. 38 కన్నా కిందికైతే రాత్రంతా ఉంచినా దిగదు.

వేసవిలో జంషెడ్‌పూర్ ఉష్ణోగ్రత తరచూ 40 డిగ్రీలు దాటుతుంది. పొయ్యి వెలిగిన వంటగది ఇంకా వేడిగా ఉంటుంది. అంటే మే నెలలో గట్టు మీద మూతపెట్టి ఉంచిన పప్పు గిన్నె, సూక్ష్మజీవులకు బాగా నచ్చిన వేడిలోనే గంటల తరబడి నిలిచిపోతుంది. చలిదేశాల్లో పనికొచ్చే ‘గది ఉష్ణోగ్రతకు చల్లార్చడం’ అనే సలహా ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నది ప్రమాద మండలం. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. పరిసరాలు 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే గడువని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. ఈ లెక్కన జంషెడ్‌పూర్‌లో ఏడాదిలో చాలా నెలలు ఒక గంట నియమమే వర్తిస్తుంది.

ఫ్రిజ్ మీద ఎంత భారం?

అలాగైతే వేడి గిన్నెను నేరుగా ఫ్రిజ్‌లో పెట్టేస్తే పోలా? ఒక చిన్న లెక్క వేద్దాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, 2,000 కిలోకేలరీల రోజువారీ పళ్లానికి 85 గ్రాముల పప్పుధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, 250 గ్రాముల ధాన్యాలు ఉండాలని సూచించింది. నలుగురికి ఆరు రోజులకు లెక్కిస్తే పప్పులే రెండు కిలోలు అవుతాయి. ఉడికాక నీటితో కలిపి సుమారు ఆరు కిలోలు. ఈ ఆరు కిలోలను 90 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు దించాలంటే సుమారు 1,600 కిలోజౌళ్ల వేడిని బయటకు పంపాలి. ఇంటి ఫ్రిజ్ వేడిని తోడేసే సామర్థ్యం నూరు, నూటయాభై వాట్ల స్థాయిలోనే ఉంటుంది. ఆ లెక్కన తలుపు ఒక్కసారి కూడా తెరవకపోయినా, పప్పు కోసమే అది మూడు నుంచి నాలుగున్నర గంటలు కష్టపడాలి. ఈలోగా పక్కనున్న పాలు, పెరుగు, నిన్నటి కూర కూడా వేడెక్కుతాయి. పెద్దల మాటలో ఉన్న నిజం ఇదే.

కాబట్టి గట్టు మీద వదిలేయడమూ కాదు, ఫ్రిజ్ మీద పడేయడమూ కాదు. మధ్యలో మనమే చల్లార్చాలి. దానికి మూడు పనులు చేయాలి.

మొదటిది, లోతు తగ్గించడం. ముద్దపప్పు, అన్నం లాంటి చిక్కటి పదార్థాల్లో వేడి లోపలి నుంచి బయటికి ఉష్ణవహనం ద్వారా మెల్లగా రావాలి. ఇలాంటివి చల్లారే సమయం స్థూలంగా లోతు వర్గాన్ని బట్టి మారుతుంది. 12 సెంటీమీటర్ల లోతున్న గిన్నెలోని పప్పును 3 సెంటీమీటర్ల మందంలో వెడల్పాటి పళ్లెంలో పరిస్తే, లోతు నాలుగో వంతవుతుంది, సమయం దాదాపు పదహారో వంతవుతుంది. పెళ్లిళ్లలో వంటవాళ్లు పులిహోర కోసం అన్నాన్ని పెద్ద పళ్లేల్లో ఆరబోసేది మెతుకు పొడిపొడిగా ఉండాలనే. భద్రతకూ అది మంచి పద్ధతే.

రెండోది, నీళ్లు. గిన్నెను కుళాయి నీళ్లున్న వెడల్పాటి బేసిన్‌లో నిలబెట్టి, లోపల గరిటెతో కలుపుతూ ఉండాలి. నీళ్లు వేడెక్కగానే మార్చాలి. వేసవిలో కుళాయి నీళ్లు గోరువెచ్చగా వచ్చినా, 90 నుంచి 45 డిగ్రీల దాకా దించే పని అవి చేసేస్తాయి. అంటే మొత్తం వేడిలో మూడింట రెండు వంతులు అప్పటికే పోయినట్టే.

మూడోది, ఐసు. ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల గుప్తోష్ణం కావాలి. ఆ వేడిని అది పప్పు నుంచే లాక్కుంటుంది. మిగిలిన పనికి, అంటే ఆరు కిలోల పప్పును 45 నుంచి 20 డిగ్రీలకు దించడానికి, కిలోన్నర నుంచి రెండు కిలోల ఐసు చాలు. ముందురోజు రాత్రే రెండు స్టీలు డబ్బాల్లో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే సరిపోతుంది. చల్లార్చే గిన్నె కూడా స్టీలుదైతే మేలు. ప్లాస్టిక్ కన్నా స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని పదుల రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది.

తరవాణి కుండ ఎందుకు పాడవలేదు?

ఇదంతా చదివాక ఉత్తరాంధ్ర మూలాలున్న ఏ ఇంట్లోనైనా ఒక సందేహం వస్తుంది. ‘మా మామ్మ రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున్నే చద్దన్నం పెట్టేది. ఇంట్లో తరవాణి కుండ ఎప్పుడూ ఉండేది. మాకేం కాలేదే?’ పక్క రాష్ట్రం ఒడిశాలో పఖాళ కూడా ఇలాంటిదే. మరి అవి ఎలా నిలిచాయి?

ఫ్రిజ్ చలిని వాడుకుంటుంది, తరవాణి కుండ పులుపును వాడుకుంటుంది. చల్లటి నీళ్లు పోయగానే అన్నం వేడి ఒక్కసారిగా దిగుతుంది. మట్టికుండ పైనుంచి నీరు ఆవిరవుతూ ఇంకొంత వేడిని తీసుకుపోతుంది. జంషెడ్‌పూర్ పొడి వేసవిలో కుండ ఇంకా బాగా చల్లబడుతుంది. ఈలోగా లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పెరిగి నీటిని పులియబెడుతుంది. పాత తరవాణి కొంచెం తోడుగా ఉంటే ఆ మంచి బ్యాక్టీరియాకు పోటీలో ముందే ఆధిక్యం దొరుకుతుంది. పీహెచ్ విలువ 4.6 కన్నా కిందికి దిగేకొద్దీ హానికరమైన చాలా బ్యాక్టీరియాలకు పెరగడం కష్టమవుతుంది. జపాన్ సుషీ అన్నానికి వెనిగర్ కలపడం వెనక ఉన్న సూత్రమూ ఇదే.

అయితే చద్దన్నం ఒక రాత్రి కోసం పుట్టిన పద్ధతి. దాన్ని వారానికి సాగదీయకూడదు. మంచి నీళ్లు, శుభ్రమైన కుండ, పులిసిన వాసన ఉండాలి. నీళ్లు పోయకుండా గిన్నెలో వదిలేసిన పొడి అన్నం చద్దన్నం కాదు. దానికి పులుపు రక్షణ లేదు.

తెలుగు వంటింట్లో వారానికి పనికొచ్చే పద్ధతులు వేరే ఉన్నాయి. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడిలో తేమ ఉండదు కాబట్టి సూక్ష్మజీవులు పెరగలేవు. తడి చెంచా పెట్టకపోతే వారాలు నిలుస్తాయి. బాగా ఉడికించిన పులిహోర పులుసులో పులుపు, ఉప్పు, నూనె మూడూ ఉంటాయి. దోసె పిండికి పులుపు తోడు, ఫ్రిజ్‌లో చలి తోడు. వీటికి ఒక మూల్యమూ ఉంది. పచ్చళ్లలో, పొడుల్లో ఉప్పు ఎక్కువ. రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటవద్దన్న సూచనను మరిచిపోకూడదు. అందుకే ఇవి భోజనానికి తోడుగా ఉండాలి, భోజనం కాకూడదు.

వారానికి ఒకటి కాదు, రెండు వంటలు

మిగిలిన వంటను ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అన్నం విషయంలో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ ఇంకా కచ్చితంగా ఉంటుంది. గంటలోపు చల్లార్చాలి, ఒక రోజులోపు తినాలి అంటుంది. వీటిని కలిపి చూస్తే వారం ప్రణాళిక తనంతట తానే రూపుకడుతుంది.

అన్నం: ఏ రోజుకారోజు వండుకోవడమే మేలు. కుక్కర్‌లో అరగంట పని. వండిపెట్టుకోవాల్సినవి మిగతావి.

పప్పు, సాంబారు, రాజ్మా, శనగలు: ఆదివారం వండినవి బుధవారం వరకు ఫ్రిజ్‌లో. ఆ తర్వాతి రోజుల వాటాను ఆదివారమే ఫ్రీజర్‌లోకి పంపాలి, లేదా బుధవారం సాయంత్రం రెండో విడత వండుకోవాలి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో బ్యాక్టీరియా పెరుగుదల ఆగుతుంది కానీ అవి చావవు. కాబట్టి పాడయ్యేలా ఉన్నదాన్ని ఫ్రీజర్‌లో పెట్టి కాపాడలేం. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, డబ్బాలో కాస్త ఖాళీ వదలాలి.

కూరలు: బీన్స్, క్యారెట్, కాకరకాయ వంటి వేపుళ్లు రెండు మూడు రోజులు బాగుంటాయి. బంగాళాదుంప ఫ్రీజర్‌లో పెడితే రుచి, మెత్తదనం పోతాయి. ఆకుకూరలను కడిగి, తడి ఆరబెట్టి ఉంచుకుని అప్పటికప్పుడు వండాలి. వాటిలోని సి విటమిన్, ఫోలేట్ నిల్వలోనూ తిరిగి వేడిచేయడంలోనూ తగ్గిపోతాయి. ఇనుము, కాల్షియం వంటి ఖనిజాలకు ఆ భయం లేదు.

చోళ్లు: ఉత్తరాంధ్రలో చోళ్లు, జార్ఖండ్‌లో మడువా, మిగతా చోట్ల రాగులు. పిండిని సిద్ధంగా ఉంచుకుంటే రాత్రి డ్యూటీ దిగివచ్చినవారికి పది నిమిషాల్లో జావ తయారు.

ఫ్రిజ్‌లో వండినవి పై అరల్లో, పచ్చి మాంసం, చేపలు కింది అరలో ఉండాలి. తలుపు అర అన్నిటికన్నా వెచ్చగా ఉండే చోటు, అక్కడ వండినవి పెట్టవద్దు. ప్రతి డబ్బా మీదా ఒక చీటీ, దాని మీద తేదీ. వాసన, రుచి చూసి నిర్ణయించడం నమ్మదగిన పరీక్ష కాదు. సెరియులైడ్‌కు వాసనా రుచీ లేవు.

డ్యూటీకి వెళ్లే క్యారియర్

ఫ్రిజ్‌లో భద్రంగా ఉన్న ఆహారం క్యారియర్‌లోకి మారగానే గడియారం మళ్లీ మొదలవుతుంది. ఉదయం 5 గంటలకు గోరువెచ్చగా సర్దిన డబ్బాను 10 గంటలకు తెరిస్తే, ఐదు గంటలు ప్రమాద మండలంలోనే గడిచినట్టు. దీనికి రెండే దారులు. వేడిగా తీసుకెళ్తే పూర్తి వేడిగా: హాట్‌కేస్‌లో ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, పొగలు కక్కే ఆహారాన్ని నిండుగా నింపాలి. చల్లగా తీసుకెళ్తే పూర్తి చల్లగా: ఫ్రిజ్ నుంచి తీసిన డబ్బాను ఐస్‌ప్యాక్‌తో కలిపి సంచిలో పెట్టి, పనిచోట వేడిచేసుకోవాలి.

మైక్రోవేవ్‌లో వేడిచేసేటప్పుడు ఒక జాగ్రత్త. అందులోని తరంగాల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అవి ఓవెన్‌లో ఎదురుబొదురుగా ప్రతిఫలించి, కొన్నిచోట్ల ఎక్కువ వేడి, కొన్నిచోట్ల తక్కువ వేడి కలిగిస్తాయి. మధ్యలో ఒకసారి ఆపి కలిపి, మూతపెట్టి మళ్లీ వేడిచేయాలి. ఏ పద్ధతైనా మధ్యభాగం కూడా పొగలు రావాలి, కనీసం 70 డిగ్రీలు దాటాలి. తినేంత మేరకే తీసి వేడిచేయాలి. ఒకసారి వేడిచేసినదాన్ని తిరిగి ఫ్రిజ్‌లో పెట్టవద్దు.

కాలబైశాఖి రోజు

ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో కాలబైశాఖి గాలివాన వచ్చిందంటే కరెంటు పోవచ్చు. తలుపు తెరవకపోతే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చలిని నిలుపుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు కాపాడుతుంది. నాలుగు గంటలు దాటాక 5 డిగ్రీల పైకి చేరిన పప్పు, కూర, మాంసాన్ని వదులుకోవడమే మంచిది. ఫ్రిజ్‌లో పెట్టుకునే చిన్న థర్మామీటర్ ఉంటే ఊహలతో పనిలేదు.

వండినదాన్ని పారబోయడం మన ఇళ్లలో ఎవరికైనా మనసొప్పదు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని నమ్మే ఇంట్లో మరీ కష్టం. ఆ అవసరం రాకుండా చూసుకునే చోటు మాత్రం ఫ్రిజ్ కాదు, గట్టు. ఆదివారం పొయ్యి ఆర్పగానే గిన్నెకు మూతపెట్టి కునుకు తీయడానికి వెళ్లకుండా, మరో అరగంట వెడల్పాటి పళ్లేలు, బేసిన్‌లో నీళ్లు, రెండు డబ్బాల ఐసుతో గడిపితే చాలు. రాత్రి డ్యూటీలో రెండు గంటల వేళ క్యారియర్ మూత తీసేవారు ఆ భోజనాన్ని నమ్మకంతో తినగలుగుతారు.